శివకుమార్ తరఫున

చింతపండు పిసుకుతున్న చేతిని గిన్నెలోనే ఉంచి, రెండో మోచేత్తో ఫోన్ని గట్టు మీద ముందుకి జరుపుకుని, సునంద మూడో గంటని మళ్ళీ ఒకసారి వింది. మొదటిది బడిగంటలా గదమాయిస్తున్నట్టుంది. రెండోదానికి పిట్టకూత అని పేరు పెట్టారుగానీ ఏ పిట్టా అంత ఠంచనుగా కూయదు. మూడోది మాత్రం రెండు మెత్తటి మోతలు, మధ్యలో కాస్త వ్యవధి, లోపలికి రావాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించే మనిషిలా ఉంది. అది కాలింగ్ బెల్లులు తయారుచేసే కంపెనీ వాళ్ళ సర్వే. 'ఈ శబ్దం వింటే మీ తలుపు బయట ఎవరు నిలబడి ఉన్నట్టు అనిపిస్తోంది?' అని కింద ప్రశ్న.

"బెల్లు అన్నిసార్లు కొడుతుంటే వినపడట్లేదా అమ్మాయ్? తలుపు తియ్యి!" హాల్లోంచి అత్తగారు జానకీదేవి కేకేసింది.

"ఎవరూ రాలేదత్తయ్యా. ఫోన్లో మోగింది."

"ఫోన్లో బెల్లేమిటి, చోద్యం కాకపోతే" అంటూ ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తానే వెళ్ళి తలుపు తీసి, మెట్ల మీద పడుకున్న ఎదురింటివాళ్ళ కుక్క తప్ప ఎవరూ కనపడక, మళ్ళీ వచ్చి టీవీ ముందు కూర్చుంది.

సునంద చెయ్యి కడుక్కుని, 'చెప్పకుండా వచ్చినందుకు మొహమాటపడుతున్న స్నేహితురాలు' అని రాసింది. ఇంకొంచెం వివరంగా చెప్పగలరా అని అడిగింది సర్వే. ఎందుకు చెప్పలేను అనుకుంటూ, ఆ స్నేహితురాలు చెప్పులు ఎక్కడ విప్పిందో, చేతిలో ఏం తెచ్చిందో, వంటింట్లోకి వచ్చి ఏ స్టూలు మీద కూర్చుందో కూడా రాసేసింది. ఈలోపు పులుసు పొంగి స్టవ్ మీద పడింది. ఆ సర్వేకి వచ్చిన పాయింట్లు కొత్తిమీర కట్టకి కూడా చాలవు. అయినా ఆ మధ్యాహ్నమంతా ఆమెకి ఇంటికి ఎవరో వచ్చి వెళ్ళినట్టే ఉంది.

సునంద భర్త శివకుమార్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. వాళ్ళది తణుకు. పెళ్ళయిన కొత్తలోనే ఢిల్లీ వచ్చి, మునిర్కాలో గాలి వెలుతురు లేని రెండు గదుల్లో కొన్నాళ్ళుండి, తర్వాత ఆర్.కె.పురంలో క్వార్టర్ దొరికితే అక్కడ స్థిరపడ్డారు. ఒక్కతే కూతురు, ప్రీతి. తొమ్మిదో తరగతి. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. మామగారు పోయాక జానకీదేవి కూడా ఇక్కడికే వచ్చేసింది. సర్వేల సంగతి ప్రీతి స్కూలు తల్లుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకుతో మొదలైంది. ప్రశ్నలకి జవాబులు చెబితే పాయింట్లిస్తారు, పాయింట్లు పోగైతే కూపన్లు, లేదంటే ఖాతాలో డబ్బు. అందులో రెండు రకాలున్నాయని ఆమెకి తొందరగానే అర్థమైంది. బట్టల సబ్బులు, వంటనూనెలు, మసాలా పొట్లాలు ఒక రకం. వరసగా గళ్ళు నొక్కుకుంటూ పోతే అయిపోతాయి, పాయింట్లూ బాగానే వస్తాయి, మనసు మాత్రం తవుడులా అయిపోతుంది. రెండో రకం ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఇంకా పేరు పెట్టని బిస్కట్టుకి పేరు పెట్టమంటారు. ఒక వాసన చెప్పి అది మీకు ఏ గదిని గుర్తు చేస్తుంది అంటారు. రైల్లో ఏ సీటు ఇష్టం, ఎందుకిష్టం అంటారు. వీటికి టైము ఎక్కువ పడుతుంది, వచ్చేది తక్కువ. సునంద తనకి తానే ఒక పద్ధతి పెట్టుకుంది. అందరూ వెళ్ళాక సబ్బులవీ నూనెలవీ కొన్ని చేసేసి, ఆపైన ఇష్టమైనది ఒకటి తీరిగ్గా చేసుకునేది. కూరలో ఉప్పు ఎంతో చేతికి తెలిసినట్టే, సంపాదనకెంత సరదాకెంత అన్నది కూడా ఆమె చేతికే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరూ అడగలేదు.

పోగైన డబ్బుతో ఆమె మొదట చేసిన పని, ఒక బుధవారం మధ్యాహ్నం ఒక్కతే మెట్రో ఎక్కి అశోకా రోడ్డుకి వెళ్ళి, అక్కడి మన తెలుగు భోజనాల క్యాంటీన్లో భోజనం చెయ్యడం. ఢిల్లీలో ఇన్నేళ్ళున్నా అక్కడికి ఊరి నుంచి వచ్చిన చుట్టాలని తీసుకెళ్ళడమేగానీ, తనకోసం వెళ్ళింది లేదు. వెళ్ళినప్పుడైనా పిల్లకి పప్పు కలపడం, అత్తగారికి కారం తగలకుండా చూడటం, చుట్టాలకి ఇంకాస్త పెరుగు అడగడం, వీటితోనే సరిపోయేది. ఆరోజు కంచం ముందు కూర్చుని, పొడీ నెయ్యీ కలుపుకున్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చుట్టూ చూసింది. ఆఫీసుల వాళ్ళు, కోచింగు పిల్లలు, భుజాన కెమెరాలతో ఎవరో విదేశీయులు. ఉప్పు సరిపోయిందా అని తను ఎవరినీ అడగక్కర్లేదు. వడ్డించే అతను గోంగూర పట్టుకుని వచ్చి, "ఇంకొంచెం వెయ్యనా అమ్మా?" అంటే వెయ్యమంది. మళ్ళీ వచ్చి అడిగినా వెయ్యమంది.

ఆ సాయంత్రం శివకుమార్ బూట్లు విప్పకుండానే అడిగాడు.

"ఇవాళ అశోకా రోడ్డుకి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"మా గోవిందరాజులుగారు చూశారట. 'మీ మిసెస్ ఒక్కరే కూర్చుని భోంచేస్తున్నారు, ఇంట్లో అంతా ఓకేనా సార్' అని సెక్షనందరి ముందూ అడిగారాయన. నాకెలా ఉంటుందో కాస్త ఆలోచించావా?"

"ఆకలేసి తిన్నానండీ."

"ఇంట్లో అన్నం లేదా ఏంటి?" అంది జానకీదేవి. "ఆడది ఒక్కతీ వెళ్ళి హోటల్లో కూర్చుని తినడమేమిటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు, మేం పెట్టట్లేదనుకోరూ?"

"డబ్బు?" అన్నాడు శివకుమార్.

సునంద సర్వేల గురించి చెప్పింది. రభస అవుతుందనుకుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ తీసుకుని, సోఫాలో వెనక్కి వాలి, పాయింట్ల పట్టికని కిందికీ పైకీ జరిపి చూశాడు. చూసిన కొద్దీ ఆయన మొహం మారింది. "అచ్ఛా! ఇంత వస్తుందా? ఇన్నాళ్ళూ చెప్పవేం మరి?" అన్నాడు. గొంతులో కోపం ఎప్పుడో పోయింది. మెచ్చుకోలే ఉంది. ఆ మెచ్చుకోలు వినగానే సునంద ఫోన్ వెనక్కి తీసుకోవాలని చెయ్యి చాపింది.

ఎందుకంటే ఆ మెచ్చుకోలు సంగతి ఆమెకి కొత్తకాదు. ఢిల్లీ వచ్చిన కొత్తలో పొద్దున్నే నడవడం అలవాటు చేసుకుంది, చెట్ల కింద మంచులో ఒక్కతే నడుస్తుంటే హాయిగా ఉండేది. "మంచి అలవాటు. ఎలాగూ వెళ్తున్నావుగా, వస్తూ వస్తూ పాలు పట్టుకురా" అన్నాడు శివకుమార్. కొన్నాళ్ళకి నడక పోయింది, పాలు మిగిలాయి. హిందీ పేపరు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది, సరదాకి. "నీకు హిందీ బాగా వచ్చేసిందే" అన్నారందరూ. గ్యాసు ఆఫీసు, ప్లంబరు, స్కూలు, క్వార్టర్ రిపేర్ల ఆఫీసు, అన్నిటికీ ఆమే వెళ్ళాల్సి వచ్చింది. ఎంబ్రాయిడరీ నేర్చుకుంటే ఆడపడుచు కృష్ణకుమారి మెచ్చుకుని, ప్రతి శ్రావణ మాసానికీ జాకెట్ల మూట పంపడం మొదలుపెట్టింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తిట్టలేదు. తనకి నచ్చిన ప్రతిదాన్నీ ఇంట్లో వాళ్ళు మెచ్చుకునే తీసుకెళ్ళిపోయారు. వద్దంటే పోట్లాడొచ్చు, బాగుందంటే ఏమని పోట్లాడుతుంది?

ఈసారీ అంతే అయింది. శివకుమార్ ఆ ఆదివారమే భోజనాల బల్ల చివర ప్రీతి పాత ల్యాప్‌టాప్ పెట్టాడు. తన పేరు మీద ఒక ఖాతా, తల్లి పేరు మీద ఒక ఖాతా తెరిచాడు.

"నీ ప్రొఫైల్ చాలా వీక్ సునందా. గృహిణి అంటే వాళ్ళు సబ్బులే పంపిస్తారు. నాది చూడు. సెంట్రల్ గవర్నమెంట్, గెజిటెడ్, సొంత కారు. దీనికి పెద్దవి వస్తాయి. అమ్మది సీనియర్ సిటిజన్, దానికి మందులూ ఇన్సూరెన్సులూ. అన్నీ నువ్వే చెయ్యి, నీకు అలవాటైన పనేగా. ఒక్కటి మాత్రం, ఆ బెల్లులూ బిస్కట్లూ వదిలెయ్. టైమ్ ఎక్కువ, రేటు తక్కువ. రోజుకింత అని టార్గెట్ పెట్టుకోవాలి."

ఫైలు మీద నోట్ రాసినంత తేలిగ్గా అన్నాడు. ప్రీతిని చేర్పించాలనుకుంటున్న కోచింగు ఫీజులో సగం ఇందులోంచే వచ్చేస్తుందని కూడా లెక్క తేల్చాడు. నెల తిరక్కుండా ఇంట్లో అందరూ ఆ డబ్బుని నమ్ముకున్నారు. "మా కోడలు కూచున్నచోటే సంపాదిస్తోంది" అని జానకీదేవి చెల్లెలితో ఫోన్లో గొప్పగా చెప్పింది. కూచోవడానికి ముందు చేసే పనీ, కూచుని లేచాక చేసే పనీ ఎప్పటిలాగే ఉన్నాయి. ప్రీతి స్కూలు నుంచి వస్తూనే బ్యాగు పడేసి, "మమ్మీ, ఆజ్ కా టార్గెట్ హో గయా?" అని ఆరోజు లెక్క పూర్తయిందో లేదో అడగడం మొదలుపెట్టింది. సునంద ఇప్పుడు ప్రశ్నలు చదవడం మానేసింది. ఏకీభవిస్తాను, కొంతవరకు ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను. మధ్యమధ్యలో 'మీరు శ్రద్ధగా చదువుతున్నారో లేదో తెలుసుకోవడానికి, దయచేసి నాలుగో గడి నొక్కండి' అని ఉచ్చు వేస్తారు. దాన్ని పట్టుకునేంత శ్రద్ధ మాత్రం ఉంచుకుని, మిగతాదంతా చేతులకి వదిలేసింది. ఎడంపక్క నడుం లాగేస్తుంటే దిండు పెట్టుకుని కూర్చునేది.

శివకుమార్ తరఫున జవాబులు చెప్పడం మొదట్లో తమాషాగానే ఉండేది. మగవాళ్ళని అడిగే ప్రశ్నలే వేరు. ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు? మీ వ్యక్తిత్వానికి ఏ రంగు కారు సరిపోతుంది? విమానంలో కాళ్ళు చాపుకోవడానికి ఇంకాస్త చోటు కోసం ఎంత ఇవ్వగలరు? తనకెప్పుడూ ఇలాంటివి రాలేదు. తన కాళ్ళకి ఎంత చోటు కావాలో ఏ సర్వే అడగలేదు. శివకుమార్ పేరుతో ఆమె ధారాళంగా చోటు అడిగింది.

ఒకరోజు తండ్రుల సర్వే వచ్చింది. ఉద్యోగాలు చేసే తండ్రులు ఇంటిపనిలో ఎంత పాలుపంచుకుంటున్నారు అని. అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు దానికే. వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల చదువు, పెద్దవాళ్ళ మందులు. ఒక్కొక్కదాని పక్కనా, వారానికి ఎన్ని గంటలు? సునంద ఉన్నది ఉన్నట్టు నొక్కింది. సున్నా. సున్నా. సున్నా. పిల్లల చదువు దగ్గర, స్కూలు ఫీజు ఆన్‌లైన్లో కడతాడు కదా అని కాసేపు ఆలోచించి, అరగంట వేసింది. వెంటనే తెర మీద వచ్చింది. 'క్షమించండి, ఈ సర్వేకు మీరు అర్హులు కారు. మీ సమయానికి ధన్యవాదాలు.'

సాయంత్రం శివకుమార్ అది చూసి నొచ్చుకున్నాడు.

"అరె, ఇంత పెద్దది పోయిందే! ఎలా పోయింది?"

"మీరు ఇంట్లో ఏం చేస్తారని అడిగారు. చెప్పాను."

"ఉన్నది చెప్తే ఎలా? వాళ్ళకేం కావాలో అది చెప్పాలిగానీ."

తర్వాత అలాంటిది వచ్చినప్పుడు ఆమె వాళ్ళకి కావలసింది చెప్పింది. శివకుమార్ వారానికి మూడు రోజులు పొద్దున టిఫిను చేస్తాడు. కూతురి లెక్కలు చూస్తాడు. క్లాస్ టీచర్ పేరు ఆయనకి తెలుసు. ఈసారి అర్హత వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి, ఇంకొకటి. పాత జవాబులకి పొంతన కుదరాలి కాబట్టి సునంద ఆ మనిషిని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. పోయిన సరదా ఎక్కడి నుంచో మళ్ళీ వచ్చింది. ఆయన ఉప్మాలో అల్లం తక్కువ వేస్తాడు, ఎందుకంటే భార్యకి గొంతు మండుతుంది. బట్టలు ఆరేసేటప్పుడు ఒక్కోటీ దులిపి మరీ ఆరేస్తాడు. ఆఫీసు నుంచి వచ్చాక, 'ఇవాళ నువ్వేం చేశావు?' అని అడిగి, జవాబు వినేవరకూ ఫోన్ ముట్టుకోడు. 'ఇటీవల మీ జీవిత భాగస్వామి అనారోగ్యంగా ఉన్నప్పుడు మీరు చేసిన ఒక పని గురించి రాయండి' అన్న చోట, ఆమెకి జ్వరం వచ్చిన రోజు మిరియాల చారు కాచి గ్లాసులో పోసి ఇచ్చి, తాగేవరకూ మంచం అంచున కూర్చున్నానని రాసింది. రాశాక కాసేపు ఏ బటనూ నొక్కలేదు.

ఆ సాయంత్రం అసలు శివకుమార్ వచ్చి, సాక్సులు సోఫా కింద వదిలి, "టీ" అన్నాడు. రోజూ అనే మాటే. సునందకి ఏడుపొచ్చినంత పనయింది. లేని మనిషితో పోల్చి ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం తన తప్పేనని నచ్చజెప్పుకుంది. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, తాగడు, జీతం తెచ్చి ఇంట్లోనే పెడతాడు. ఇంట్లో ఏం జరుగుతుందో ఆయనకి కనపడదు, అంతే. చిన్నప్పటి నుంచీ తల్లి అన్నీ చేతికందిస్తూ పెంచింది. కూర దానంతటదే ఉడుకుతుందనీ, నీళ్ళు వాటంతటవే బకెట్లోకి వస్తాయనీ అనుకునే రకం. తన తల్లికీ, స్నేహితురాళ్ళకీ కూడా సునంద ఎప్పుడూ అదే చెప్పింది. "పాపం, ఆయనకి తెలీదు." ఆ మాట మీదే ఆమె పదహారేళ్ళ కాపురం నిలబడి ఉంది. తెలియని మనిషి మీద ఏమని కోపం తెచ్చుకుంటుంది?

జనవరి నెల్లో ఆ తండ్రుల సర్వే చేసే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. శివకుమార్‌గారి జవాబులు మాకు చాలా నచ్చాయి, వీడియోలో ఒక గంట మాట్లాడాలనుకుంటున్నాం అని. ఇచ్చేది బాగానే ఉంది. శివకుమార్ ఎగిరి గంతేశాడు. ఆదివారం పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ సునంద ఇన్నాళ్ళూ తను ఏమేం రాసిందో చెప్పుకొచ్చింది.

"టిఫినా? నేనా? ఇంత మంచివాణ్ణి చేసేశావేంటే నన్ను!" అని ఆయన పడీపడీ నవ్వాడు. "క్లాస్ టీచర్ పేరేంటి?"

"వైశాలి మేడమ్."

"వైశాలి మేడమ్, వైశాలి మేడమ్" అనుకుంటూ చొక్కా తొడుక్కుని, బెడ్రూంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ప్రీతి బ్యాడ్మింటన్‌కి వెళ్ళింది. హాల్లో కిటికీ ఎండలో కుర్చీ వేసుకుని జానకీదేవి బఠాణీలు ఒలుస్తోంది. సునంద వంటింట్లోకి వెళ్ళింది. తలుపు ఓరగా ఉండటంతో మాటలన్నీ బయటికే వినిపిస్తున్నాయి. అవతల మాట్లాడుతున్న అమ్మాయి పేరు వీణట, హైదరాబాదట. తెలుగులోనే మాట్లాడుకుందాం సార్ అంది.

సునంద చెప్పినవన్నీ ఆయన తడబడకుండా చెప్పేశాడు. ఉప్మా, లెక్కలు, మిరియాల చారు. పది నిమిషాల్లో అవి అయిపోయాయి. అప్పుడా అమ్మాయి, "సార్, మీ రోజు ఎలా మొదలవుతుందో లేచినప్పటి నుంచి చెప్తారా? చిన్న చిన్నవి కూడా" అంది. సునంద స్టవ్ మంట తగ్గించింది. ఇది తను చెప్పలేదు. ఇప్పుడేం చెబుతాడీయన?

శివకుమార్ గొంతు సవరించుకున్నాడు.

"మాకిక్కడ తెల్లారకముందే నీళ్ళొస్తాయమ్మా. కాసేపే. చప్పుడు వినగానే లేచి మోటారు వెయ్యాలి. ట్యాంకు నిండేలోపు వంటింటి బిందెలు, బాత్రూంలో బకెట్లు పట్టేసుకోవాలి. తర్వాత పాలబూత్. కాస్త ఆలస్యమైతే పసుప్పచ్చ పాకెట్లు అయిపోతాయి, అమ్మకి వేరేవి పడవు. అమ్మ థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, వేసుకున్న అరగంట దాకా కాఫీ ఇవ్వకూడదు. ఆవిడేమో మాత్ర నోట్లో ఉండగానే కాఫీ అంటుంది. మాటల్లో పెట్టాలి. పాప టిఫిన్లోకి ఆలూలో బఠాణీ వేస్తే ఏరి వెనక్కి తెస్తుంది. రొట్టెలు వేడి మీద గుడ్డలో చుట్టకపోతే మధ్యాహ్నానికి అట్టముక్కలే. మంగళవారం స్కూల్లో తెల్లబూట్లు, సోమవారం సాయంత్రమే పాలిష్ పెట్టి ఆరనివ్వాలి. పనమ్మాయి రాదని ఫోను వస్తే ముందు గిన్నెలు తోముకోవాలి, లేకపోతే వంటకి చోటుండదు. చలికాలం ఇక్కడ పాలు తోడుకోవమ్మా. గిన్నెకి పాత శాలువా చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాలి."

"అబ్బ, ఎంత బాగా చెప్తున్నారు సార్!"

"ఇంకోటి. మా ఆవిడకి ఎడంపక్క నడుం నొప్పి. బకెట్ ఎత్తిందంటే కాసేపు గోడ పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఎవరికీ చెప్పదు. అందుకని బకెట్లు మాత్రం ఆమెని ముట్టుకోనివ్వను."

సునంద స్టవ్ ఆపేసింది. చేతిలో గరిటె ఉందని కూడా గుర్తులేదు. గోడ పట్టుకుని నిలబడటం బాత్రూంలో, తలుపు దగ్గరికి వేసుకుని, అందరూ నిద్రపోతున్నారనుకున్న వేళ.

"ఇవన్నీ మీకెవరు నేర్పారు సార్?" అంటోంది వీణ.

"నేర్పేదేముందమ్మా" అన్నాడు శివకుమార్, చాలా మామూలుగా. "ఇంట్లో ఉంటే కనపడతాయిగా."

కాసేపటికి ఆయన వెలిగిపోతున్న మొహంతో వంటింట్లోకి వచ్చాడు. "ఎలా చెప్పాను? నువ్వు చెప్పినవి ఎక్కడ సరిపోతాయి! మిగతాదంతా సొంతమే. ఆ అమ్మాయి ఫ్లాట్ అయిపోయింది! ఇప్పుడు వాళ్ళు వారం రోజుల వీడియోలు అడుగుతున్నారు, నేను పనులు చేస్తున్నట్టు. దానికి ఇంకా ఎక్కువ. నా చెయ్యి కనపడేలా అక్కడక్కడా నాలుగు క్లిప్పులు తీసేద్దాం, మిగతాది నువ్వు చూసుకో."

"బాగా చెప్పారు" అంది సునంద.

ఆయన ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. ఆమె బఠాణీల కోసం హాల్లోకి వచ్చింది. జానకీదేవి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది.

"విన్నావా అమ్మాయ్?"

"విన్నానత్తయ్యా."

ఆవిడ ఇంకో కాయ ఒలిచి గింజలు పళ్ళెంలో వేసింది. మాట్లాడినప్పుడు కూడా సునంద వైపు చూడలేదు.

"శివుడు కడుపులో ఉన్నప్పుడు నొప్పులొచ్చేదాకా నూతిలో నీళ్ళు తోడాను. మీ మామయ్యగారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. మగాడు, ఆయనకేం తెలుస్తుందిలే అనుకునేదాన్ని. ఆయన పోయినప్పుడు కూడా చుట్టాలందరి దగ్గరా అదే చెప్పి ఏడ్చాను, ఏమీ తెలియని మహానుభావుడని." ఒలిచిన తొక్క పక్కన పడేసింది. "ఆయనకి కూడా తెలిసే ఉంటుందంటావా?"

ఆవిడ ఒలిచేసిన ఖాళీ తొక్కనే మళ్ళీ తీసుకుని, వేళ్ళతో విప్పబోయి, లోపల ఏమీ లేదని చూసి పక్కన పెట్టింది. సునంద పళ్ళెం అందుకోలేదు. అక్కడే నేల మీద, ఆవిడ కాళ్ళ దగ్గర ఎండలో కూర్చుంది. ఎప్పటిలా అయితే ఇది కూడా మింగేసి లేచి వెళ్ళి కూర తిరగమోత పెట్టేది. అలా మింగుకుంటూ పోతే ఇంకో ముప్ఫయ్యేళ్ళకి ఇలాంటి ఎండలోనే కూర్చుని, ఇంకెవర్నో ఇదే ప్రశ్న అడుగుతుంది. అప్పటికి జవాబు చెప్పాల్సిన మనిషి ఉండడు.

భోజనాలయ్యాక శివకుమార్ ల్యాప్‌టాప్ తెరిచి, "వాళ్ళకి ఓకే అని పెట్టేస్తున్నా" అన్నాడు.

"పెట్టండి. కానీ నేను చెయ్యను, మీరే చెయ్యాలి."

"అంటే?"

"మీ పేరు మీద వచ్చేవన్నీ ఇకనుంచి మీరు చేసుకోండి. అత్తయ్యవి ఆవిడకి ఇష్టమైతే చదివి వినిపిస్తాను, ఆవిడేం చెబితే అది రాస్తాను. నావి నాకు నచ్చినవి చేసుకుంటాను. వచ్చినంత వస్తుంది."

"మరి ప్రీతి ఫీజు?"

"దానికి ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. నా ఒక్కదాని నడుం మీద వద్దు."

శివకుమార్ ఆమె మొహంలోకి చూశాడు. "కోపమొచ్చిందా? ఏదో ఆ అమ్మాయికి నచ్చాలని నాలుగు మాటలు కల్పించి చెప్పాను. దానికే?"

"కల్పించింది ఏముందండీ? అన్నీ ఉన్నవే. చేసేవాళ్ళ పేరొక్కటే మార్చారు." ఆమె గొంతు పెరగలేదు. "మీకు తెలియదనుకుని చేశానండీ ఇన్నాళ్ళూ."

ఆయన తల్లి వైపు చూశాడు. ఎప్పుడూ కొడుకు తరఫునే ముందుగా మాట్లాడే జానకీదేవి టీవీ చప్పుడు తగ్గించి కూర్చుందిగానీ నోరు విప్పలేదు.

"రేపు నీళ్ళకి నేను లేవను" అంది సునంద, కంచాలు ఎత్తకుండానే లేచి.

మర్నాడు తెల్లారకముందే ఎప్పటిలాగే ఆమెకి మెలకువ వచ్చింది. పొగమంచుకి కిటికీ అద్దాలు తెల్లగా ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే మంచం దిగబోతే, రజాయి గడ్డం దాకా లాక్కుని పడుకుంది. లేవకుండా పడుకోవడం ఇంత కష్టమైన పని అని ఆమెకి ఇంతకుముందు తెలియదు. ట్యాంకు నిండకపోతే మధ్యాహ్నానికి ఇల్లు ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. అయినా కదల్లేదు. పక్కన శివకుమార్ అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన నిద్రలో ఊపిరి ఎలా తీస్తాడో ఆమెకి తెలుసు. ఇది ఆ ఊపిరి కాదు. అవతలి గదిలో జానకీదేవి దగ్గి, మంచం మీద లేచి కూర్చున్న అలికిడి వినిపించింది. ఆవిడ ఎవరినీ పిలవలేదు.

వంటింట్లో కుళాయి ఒకసారి గురగురలాడింది. నీళ్ళొచ్చిన చప్పుడు ముగ్గురూ విన్నారు.